మా అమ్మతో కలిసి చూసిన ఫోటోలు: ‘పరి’ సైట్‌లోని పది ప్యానెళ్ల ప్రదర్శన

ఫోన్‌లో ఫోటో పెద్దది చేసి అమ్మ చేతికిచ్చాను. ఇటుకబట్టీ. ఏటవాలు మీద ఆడవాళ్లు నడుస్తున్నారు. నెత్తిన ఇటుకలు, కాళ్లకు చెప్పుల్లేవు. కింద ఇంగ్లీషులో ఉన్నది చదివి నేను తెలుగులో చెబుతున్నాను. ఒడిశా నుంచి వచ్చిన కూలీలు, బట్టీ ఉన్నది ఆంధ్రప్రదేశ్‌లో, బయట ఎండ 49 డిగ్రీలు, మోస్తున్నవి వేడి ఇటుకలు. అమ్మ నా మాట వింటున్నట్టు లేదు. రెండు వేళ్లతో ఫోటోను జరుపుకుంటూ ఆ కాళ్ల దగ్గర ఆగింది.

“చెప్పులు ఉన్నా ఏసుకోరు బిడ్డా. ఎక్కుడు మీద జారుతయి. నెత్తిన బరువున్నప్పుడు జారితె మెడ పోతది. గందుకే ఇడిచిపెట్టి ఎక్కుతం.”

తర్వాత మెల్లగా తల దగ్గరికి జరిపింది. “సుట్టబట్ట తడిపి పెట్టుకోవాలె. లేకుంటె బట్టీ ఇటుకకు నెత్తి మాడుతది.”

మా అమ్మ ఇరవై ఏళ్లకు పైగా తట్ట మోసింది. ఎక్కువ కాలం బొంబాయి బిల్డింగుల దగ్గర, ఒక ఏడాది బట్టీలో. ఆమె పని గురించి ఒక ఫోటో ముందు కూర్చుని ఆమె నాకు చెప్పడం, నేను వినడం అదే మొదటిసారి. నాకు ముప్పై ఎనిమిదేళ్లు వచ్చాక. అందుకే ఈ రివ్యూ రాస్తున్నాను.

నేను చెబుతున్నది ‘పరి’ గురించి. పూర్తి పేరు పీపుల్స్ ఆర్కైవ్ ఆఫ్ రూరల్ ఇండియా. జర్నలిస్టు పాలగుమ్మి సాయినాథ్ గారు 2014 డిసెంబరులో మొదలుపెట్టిన వెబ్‌సైట్. పల్లె జనం బతుకు, వాళ్ల పని, పాట, వలస, అన్నీ రాసి, ఫోటోలు తీసి, వీడియోలు చేసి దాచిపెట్టే చోటు. చదవడానికి డబ్బు కట్టక్కర్లేదు. తెలుగుతో సహా చాలా భాషల్లో కథనాలున్నాయి. అందులోనే ‘కనిపించే పని, కనిపించని మహిళలు’ అనే అర్థం వచ్చే పేరుతో ఒక ఫోటో ప్రదర్శన ఉంది. మొత్తం పది ప్యానెళ్లు. 1993 నుంచి 2002 వరకు పది రాష్ట్రాల్లో తిరిగి సాయినాథ్ గారే తీసిన ఫోటోలు అవన్నీ. ఇంటర్నెట్‌లోకి రాకముందు ఈ ప్రదర్శనను బస్టాండ్లలో, రైల్వే స్టేషన్లలో, ఫ్యాక్టరీ గేట్ల దగ్గర, వ్యవసాయ కూలీల సభల్లో పెట్టారట. 7 లక్షల మందికి పైగా చూశారని సైట్‌లో ఉంది. ఆర్ట్ గ్యాలరీ కన్నా ముందు బస్టాండులో పెట్టాలని తోచిన మనిషి మీద నాకు గౌరవం కలిగింది. మా అమ్మ లాంటివాళ్లు దేన్నైనా ఆగి చూసేది బస్టాండులోనే.

సాయినాథ్ గారి పేరు నాకు చాలా ఏళ్లుగా తెలుసు. మాది కోస్గి వైపు పల్లె. పాలమూరు (మహబూబ్‌నగర్) మనిషికి ఆయన పేరు తెలియడానికి వేరే కారణం అక్కర్లేదు, బొంబాయి బస్సు చాలు. 2003లో ఆయన మహబూబ్‌నగర్ నుంచి ముంబైకి పోయే బస్సు మీద రాశారు. పదేళ్ల కింద వారానికి ఒకే ఒక్క బస్సు ఉండేది, ఇప్పుడు 34 అయ్యాయని. కరువును లెక్కపెట్టడానికి వర్షపాతం చూస్తారు, పంట నష్టం చూస్తారు. ఆయన బస్సుల్ని లెక్కపెట్టారు. ఆ ఏడాది నేను పదో తరగతి. ఆ బస్సుల్లోనే ఒకదాంట్లో మా అమ్మానాన్న ఉన్నారు. నేను, తమ్ముడు అవ్వ దగ్గర. దసరా అయ్యాక పోయేవాళ్లు, మృగశిరకు వచ్చేవాళ్లు. మధ్యలో ఎవరైనా ఊరికి వస్తుంటే బిస్కెట్ పొట్లాలు, ఒక ఉత్తరం పంపేవాళ్లు. ఆ ఉత్తరం కూడా ఎవరి చేతో రాయించిందే.

అందుకని ప్రదర్శన తెరిచినప్పుడు నేను మంచి ఫోటోల కోసం చూడలేదు, కూలి రేట్ల కోసం చూశాను. ఈ సేవకు నేను పెద్ద మార్కు వేసేది అక్కడే. బట్టీ ఫోటో కింద రాసింది చూడండి. ఆడమనిషికి రోజుకు 10 నుంచి 12 రూపాయలు, మగమనిషికి 15 నుంచి 20. రెండూ విడివిడిగా రాశారు. కాంట్రాక్టరు ముందే అడ్వాన్సు ఇచ్చి ఇంటిల్లిపాదినీ ఎట్లా తోలుకొస్తాడో, ఆ అడ్వాన్సే కాళ్లకు కట్టిన తాడు ఎట్లా అవుతుందో రాశారు. అక్కడికి వచ్చేవాళ్లలో 90 శాతం దాకా భూమి లేనివాళ్లు, లేదా ఏదో కుంటెడు చెక్క ఉన్నవాళ్లని రాశారు. ఇక్కడి లేబర్ ఆఫీసు ఒడిశా కూలీల కోసం కదలదు, ఒడిశా ఆఫీసర్లకు ఇక్కడ అధికారం లేదు అనే సంగతీ రాశారు. ఇదంతా ఒక ఫోటో కింద ఉన్న నాలుగు మాటల్లోనే.

ఆడ, మగ రేట్లు విడిగా రాస్తే అంత గొప్పా అని ఎవరికైనా అనిపించొచ్చు. మా ఇంట్లో జరిగింది చెబుతాను.

కూలీలను బొంబాయి తోలుకుపోయే మా ఊరి మేస్త్రీకి ఎర్ర అట్ట వేసిన పొడుగు పుస్తకం ఒకటి ఉండేది. అందులో నాన్న పేరు ఉండేది, దాని పక్కన ‘జంట 1’ అని ఉండేది. అంటే మొగుడు పెళ్లాం కలిసి ఒక లెక్క. అడ్వాన్సు జంటకు 8 వేలు. నాగాలు పడితే జంటకు కోత. నాన్నకు జ్వరమొచ్చి పడుకున్న రోజు అమ్మ ఒక్కతే పనికి పోతే ఆ రోజు లెక్కలోకి రాలేదట, జంట రాలేదు కదా అని. ఇరవై ఏళ్లలో ఆ పుస్తకంలో మా అమ్మ పేరు ఒక్కసారి కూడా లేదు. నాన్న పోయాక పాత బాకీ అడగడానికి మేస్త్రీ ఇంటికి వచ్చినప్పుడు ఆ పేజీ నేను కళ్లారా చూశాను. డిగ్రీ చదువుతున్నాను అప్పటికి. అమ్మ పేరేది అని అడిగితే, “జంట అంటే ఆమే కద” అన్నాడు. కోపంగా కూడా అనలేదు, అందరికీ తెలిసిన సంగతి చెప్పినట్టు చెప్పాడు.

ఆ తర్వాత బీఈడీకి చదువుకుంటూ 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం చూశాను. ఐదుగురు, అంతకన్నా ఎక్కువమందిని వేరే రాష్ట్రానికి తీసుకుపోయే కాంట్రాక్టరు ప్రతి కూలీకి ఫోటో అంటించిన పాసుబుక్కు ఇవ్వాల్సి ఉండేది. అందులో కూలి రేటు ఎంత, ఎన్నాళ్ల పని, తిరుగు ప్రయాణం ఖర్చు ఎంత, కోతలు ఎంత, అన్నీ రాయాల్సి ఉండేది. కూలీకి హిందీ, ఇంగ్లీషు రాకపోతే వాళ్ల భాషలో కూడా రాయాల్సి ఉండేది. మా అమ్మ పెళ్లయి బొంబాయి బస్సెక్కే నాటికే ఈ చట్టం ఉంది. సమాన పనికి సమాన వేతనం చట్టం అంతకన్నా ముందుది, 1976ది. తెలుగులో రాసి, అమ్మ ఫోటో అంటించిన పాసుబుక్కు ఒకటి మా ట్రంకుపెట్టెలో ఉండాల్సింది. లేదు. బట్టీ ఫోటో కింద ఆడవాళ్ల కూలి విడిగా కనపడినప్పుడు నాకు ఆ ట్రంకుపెట్టే గుర్తొచ్చింది.

ఇంకో ఫోటో ఉంది. నాకు అన్నిటికన్నా గట్టిగా తగిలింది ఇదే. ఒక భూస్వామి తన పొలం గట్టున నిటారుగా నిలబడి ఫోటోకు పోజిచ్చాడు. వెనకాల తొమ్మిది మంది ఆడవాళ్లు వంగి నాట్లేస్తున్నారు. రోజుకు 40 రూపాయలు ఇస్తున్నానని ఆయన చెప్పాడు. ఇచ్చింది 25 అని ఆడవాళ్లు చెప్పారు. వాళ్లంతా ఒడిశా రాయగడ వైపు భూమి లేని కూలీలు. విలేకరి ఆ 40 దగ్గరే నోట్‌బుక్కు మూసేసి ఉంటే మనకు ఇవాళ 40 అనే తెలిసేది. ఆయన గట్టు దిగి ఇంకోసారి అడిగాడు కాబట్టి 25 అని తెలిసింది. దాచిన పని గురించి రాయడమంటే ఏమిటో నాకు ఆ రెండు అంకెల్లో అర్థమైంది. ఒకే ప్రశ్నను ఇద్దరిని అడగాలి, రెండో మనిషి బురదలో ఉంటే అక్కడికి పోయి అడగాలి.

నేను గవర్నమెంటు హైస్కూల్లో సోషల్ చెబుతాను. ఈ ఫోటోను తొమ్మిదో తరగతికి చూపించి ఒక పని ఇచ్చాను. మీ ఇంట్లో కూలికి పోయేవాళ్లకు రోజుకు ఎంత ఇస్తున్నారో అడగండి, అదే సంగతి ఇచ్చేవాళ్లను కూడా అడిగి రండి అని. మొదటి అంకె అందరూ తెచ్చారు. రెండోది తెచ్చింది ఇద్దరే. మిగతా పిల్లలకు పటేలు ఇంటికి పోయి అడగడానికి నోరు రాలేదు. ఒక అమ్మాయి గేటు దాకా పోయి వచ్చేసిందట. నేను ఆ పిల్లను ఏమీ అనలేదు. ఆ గేటు దగ్గర మా అమ్మ కూడా నిలబడింది, నాకు తెలుసు. ఆ రోజు పాఠం నేను అనుకున్నదానికన్నా బాగా నడిచింది. అడగడం ఎందుకంత కష్టమో పిల్లలే మాట్లాడుకున్నారు.

మిగతా ప్యానెళ్ల గురించి తొందరగా చెప్పేస్తాను. మొదటి ప్యానెల్లోనే గొడ్డా బొగ్గు గనుల దగ్గరి ఆడమనిషి ఉంది. అప్పటి బీహార్, ఇప్పటి జార్ఖండ్. గని పక్కన పారేసిన చెత్తలో ఏరుకున్న బొగ్గు ముక్కలను వంటకు అమ్ముకుంటారు. వాళ్లు ఏరకపోతే ఆ బొగ్గు అక్కడే వృథాగా పడి ఉంటుంది, కానీ చట్టం లెక్కలో అది దొంగతనం. తమిళనాడు పుదుక్కోట్టై రాళ్ల క్వారీల సంగతీ ఉంది. ఒకప్పుడు అక్కడ వెట్టి చేసిన ఆడవాళ్లు 1991 ప్రాంతంలో ఆ క్వారీలను తామే నడిపారు. ఈ కథ ఇంకా పొడుగ్గా ఉంటే బాగుండేది అనిపించింది. వంగిన నడుముల మీద ఒక ప్యానెల్, నీళ్లు, కట్టెలు, గడ్డి మోసుకొచ్చే నడక మీద ఫోటోలు, పేడ పని మీద ఒకటి. పేడను ఎరువుగా, పిడకలుగా, గోడలకు అలుకుగా మార్చే చాకిరీ ఎవరి లెక్కలోకీ రాదని చూపించే ప్యానెల్ అది. కలుపు, నాటు ఫోటోలు చూసినప్పుడు అమ్మ ఏమీ అనలేదు. మోకాలు పట్టుకుని కూర్చుంది.

ఇక నాకు లోటుగా అనిపించినవి. బట్టీ ఫోటో చూశాక అమ్మ అడిగిన మొదటి ప్రశ్న, “గామె పేరేంది?” నేను కింద వెతికాను. కూలి ఎంతో ఉంది, ఎండ ఎంతో ఉంది, పేరు లేదు. నాట్లేస్తున్న తొమ్మిది మంది పేర్లూ లేవు. అడ్వాన్సు కింద ఉన్న మనిషి పేరు రాస్తే ఆ మనిషికే కష్టం రావచ్చు, ఆ సంగతి నాకు తెలుసు. అయినా ‘జంట 1’ చూసిన కళ్లతో చూస్తుంటే ఆ ఖాళీ గుచ్చుకుంటుంది. ఇదే సైట్‌లోని ‘ఫేసెస్’ అనే విభాగంలో అయితే దేశంలోని చాలా జిల్లాల నుంచి ముఖాలు పెట్టారు, ప్రతి ముఖం కింద పేరు, చేసే పని, ఊరు, జిల్లా ఉంటాయి. ఆ పద్ధతి నాకు ఎక్కువ నచ్చింది. ప్రదర్శన అయిపోయాక అందులోకి కూడా వెళ్లండి.

పిల్లలకు చూపించేవాళ్లకు ఒక మాట. ఇవి పాతికేళ్లు దాటిన రేట్లు. రోజుకు పది రూపాయలు అనగానే మా క్లాసులో పిల్లలు నవ్వారు. ఆ రోజుల్లో కిలో బియ్యం ఎంత, బస్సు చార్జీ ఎంత అని ఇంట్లో పెద్దవాళ్లను అడిగి రమ్మనండి, ఆ తర్వాత ఫోటో చూపించండి. నేను రెండో సెక్షనులో అట్లా చేశాను, ఎవరూ నవ్వలేదు. ఉపాధి హామీ పథకం 2006లో మొదలైంది, ఈ ఫోటోలు దానికి ముందువి అని కూడా చెప్పాలి. లేకపోతే పిల్లలకు కాలం కలిసిపోతుంది.

వీడియోల్లో సాయినాథ్ గారు ఇంగ్లీషులో చెబుతారు. సాఫీగా, ఆగి ఆగి చెబుతారు, డిగ్రీ పిల్లలకు ఇబ్బంది లేదు. మా అమ్మ లాంటివాళ్లకు చూపించాలంటే పక్కన ఒకరు కూర్చుని చెప్పాలి. ఒక్కో వీడియో రెండు మూడు నిమిషాలే, చివరిది మాత్రం ఏడు నిమిషాల దాకా ఉంటుంది. అంతా కలిపి అరగంట పని అనుకుని కూర్చోకండి. మాకు మొదటి ప్యానెలుకే గంట పట్టింది, ప్రతి ఫోటో దగ్గరా అమ్మకు చెప్పాల్సింది ఉంది కాబట్టి. వీలుంటే ఫోన్‌లో కాకుండా పెద్ద తెర మీద చూడండి. కాళ్లు, వేళ్లు, తట్ట అంచు, చీర ఎట్లా దోపుకున్నారు, ఇవి చిన్న తెర మీద కనపడవు. స్కూల్లో ప్రొజెక్టరు మీద పెట్టినప్పుడు నేను అప్పటిదాకా చూడనివి చాలా చూశాను.

తెలుగు కథనాల కోసం సైట్‌లో భాష మార్చుకుంటే సరిపోతుంది. బట్టీల మీద, చెరకు కోతల మీద, లాక్‌డౌన్‌లో నడిచి పోయినవాళ్ల మీద కథనాలున్నాయి. 2020లో అందరూ వలస కూలీల గురించి మాట్లాడారు. అప్పుడు మా అమ్మ జడ్చర్ల దగ్గర హైవే మీద పోతున్నవాళ్లకు బిందెతో నీళ్లు పోస్తూ, “మేం పోయినన్ని రోజులు ఎవ్వలు అడగలె” అన్నది. ఆమెకు తెలియదు గాని, అంతకు పదిహేడేళ్ల కిందటే ఒకాయన ఆమె ఎక్కిన బస్సును లెక్కలో రాశాడు. ఆ సంగతి ఈ మధ్యే చెప్పాను. “మా బస్సేనా?” అని రెండుసార్లు అడిగింది.

ఎవరు చూడాలి అంటే, ఇల్లు కట్టించుకుంటున్నవాళ్లు చూడాలి. మీ ఇంటి ముందు దిగిన ఇటుకల లోడు ఏ బట్టీది, అందులో ఎవరు చేశారు అని ఒక్కసారైనా మేస్త్రీని అడగాలనిపిస్తుంది. టీచర్లు చూడాలి. తల్లిదండ్రులు బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి పోయి చదివించిన నా లాంటివాళ్లు మాత్రం ఒంటరిగా చూడకండి. వాళ్లు బతికుంటే పక్కన కూర్చోబెట్టుకుని చూడండి. నేను మూడేళ్ల కిందే ఈ ప్రదర్శన చూశాను. మంచి ఫోటోలు అనుకుని మూసేశాను. చెప్పులు ఎందుకు వదిలేస్తారో, బట్ట ఎందుకు తడుపుతారో అందులో నాకు అప్పుడు కనపడలేదు.

ఐదుకు నాలుగున్నర ఇస్తున్నాను. ఆ అర మార్కు పేర్ల కోసం ఆపాను.

మేము ఇంకా సగమే చూశాం. మిగతావి వచ్చే ఆదివారం చూద్దామంది అమ్మ. ఈసారి మా చిన్నమ్మను కూడా పిలుచుకొస్తానంటోంది. ఆమె కూడా ఆ ఏడాది అదే బస్సులో పోయింది, మేస్త్రీ పుస్తకంలో మా చిన్నాన్న పేరు పక్కన ఇంకో జంటగా.